రక్తాలత్త

మా అత్తకు కన్నవాళ్లు పెట్టిన పేరు చక్కనిదే గాని, ఇంట్లో పిల్లలమెవరమూ ఆ పేరు వాడిన పాపాన పోలేదు. మాకు ఆమె రక్తాలత్త. మా నాన్నకు స్వయానా చెల్లెలు. ఊళ్లోకెల్లా పెద్ద ఆసుపత్రిలో, రక్తపు జబ్బుల మీద పరిశోధన చేసే విభాగంలో ఉద్యోగం. ఆమె గడప తొక్కిన చుట్టానికి ముందు మంచినీళ్లు, తర్వాత కాఫీ, ఆ వెనకే సూది. జబ్బు రక్తంలో తేడా ఏమిటో తేల్చాలంటే పక్కన పెట్టి చూసుకోవడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. అందుకు ఆమె చేతికి చిక్కింది మేమే. రక్తసంబంధం అని అందరూ మాటవరసకు అంటారు. మా రక్తసంబంధం మాత్రం గాజు గొట్టాల్లో, చీటీలు అంటించుకుని, ఆసుపత్రి ఫ్రిజ్‌లో నిలబడి ఉండేది.

మా తాతయ్య సిటీ బస్సు డ్రైవరు. అత్తకు డాక్టరు కావాలని ఉండేది. సీటు అందినట్టే అంది చేజారింది. రెండు రోజులు ముసుగుతన్ని పడుకుని, మూడో రోజు లేచి జీవశాస్త్రం డిగ్రీలో చేరిందట. పై చదువు కూడా అందులోనే చదివి ఆసుపత్రి ల్యాబులో చిన్న ఉద్యోగం సంపాదించింది. గాజు పలక మీద రక్తపు చుక్కను పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద కణాలు చూడటం ఆమె పని. డిపోలో తోటి డ్రైవర్లు తాతయ్యను ఆటపట్టించేవారు.

"ఏం గురూ, అమ్మాయి డాక్టరవుతుందన్నావు?"

"డాక్టర్లు మనకి చెప్తారు. మా అమ్మాయి డాక్టర్లకి చెప్తుంది," అనేవాడట తాతయ్య మీసం సవరించుకుంటూ. అప్పటికి ఆ మాటలో నిజం పాలు తక్కువే. తర్వాత అత్త దాన్ని నిజం చేసింది.

ఉద్యోగం చేస్తూనే పరిశోధనలో చేరింది. ఆమె గది బ్లడ్ బ్యాంకు వెనక ఉండేది. గోడల పొడవునా రాతి బల్ల, మూల రొద పెట్టే డీప్ ఫ్రీజరు, సగమే తెరుచుకునే కిటికీ ఒకటి. తలుపు తీస్తే వరండా, దాని చివర పిల్లల వార్డు. నెలనెలా రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే పిల్లలు ఆ వార్డులో చేతికి గొట్టం పెట్టించుకుని, రెండో చేత్తో బొమ్మలు గీసుకుంటూ ఉండేవారు. వాళ్ల జబ్బు పేరు తలసీమియా. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు. తల్లి దగ్గర్నుంచి ఒక లోపం, తండ్రి దగ్గర్నుంచి ఒక లోపం వచ్చి బిడ్డలో కలిస్తేనే ఈ జబ్బు. ఒక్క లోపమే ఉన్నవాళ్లు నిక్షేపంలా తిరుగుతుంటారు. వాళ్లను క్యారియర్లంటారు. క్యారియర్ల రక్తంలో ఏ-టూ అనే ఒక రకం హిమోగ్లోబిన్ కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఆ అంకె చూసి క్యారియరా కాదా అని చెప్పేవారు.

ఆ వార్డుకు వచ్చే పిల్లల్లో ఒక పాప ఉండేది. పెద్ద కళ్లు, పాలిపోయిన మొహం, ఆగకుండా మాటలు. తల్లి ఇంట్లో కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు కుట్టేది. తండ్రి సినిమాహాల్లో ప్రొజెక్టరు నడిపేవాడు. పాపకు జబ్బని తేలాక తల్లిదండ్రులిద్దరికీ ఆ పరీక్ష చేశారు. కాగితం చేతికిస్తూ ఓ కుర్ర డాక్టరు వరండాలో అందరి ముందూ గబగబా చెప్పేశాడు. "తల్లి క్యారియర్. తండ్రి నార్మల్."

పక్కనే పాప నానమ్మ ఉంది. పెద్దగా చదువుకోకపోయినా తెలివైన మనిషి. "రెండు వైపులనుంచీ వస్తేనే జబ్బు అన్నారు కదా బాబూ? మావాడిలో లేకపోతే రెండోది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?" అంది.

డాక్టరు నీళ్లు నమిలాడు. ఆ నమిలిన నీళ్లే ఆ ఇంటి మీద పిడుగై పడ్డాయి. వారం తిరక్కుండా పాప తల్లి కుట్టుమిషను, పాపను తీసుకుని పుట్టింట్లో ఉంది. భర్త పొమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు.

తర్వాతి నెల పాపను తీసుకుని ఆమె ఒక్కతే వచ్చింది. సంగతి అప్పటికే వార్డంతా పాకింది. అత్త స్లైడు పట్టుకుని వరండాలో వెళుతుంటే ఆమె ఎదురొచ్చి నిలబడింది.

"మేడమ్, మీ మిషన్ నా గురించి ఏం చెప్పిందో నాకు తెలీదు. నా గురించి నాకు తెలుసు," అంది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. అంతే చెప్పి పాప దగ్గరకు వెళ్లిపోయింది.

అత్త ఆ మాటను కడుపులో పెట్టుకుని గదికి వచ్చి, పాప తండ్రి పాత స్లైడు వెతికి మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయి, అచ్చం క్యారియర్లలో ఉన్నట్టే. ఫైలు తిరగేసింది. చాలా కాలం కిందట ఎవరో డాక్టరు అది ఇనుము తక్కువై వచ్చిన తేడా అనుకుని మాత్రలు రాశారు. నెలల తరబడి వాడినా కణాల పరిమాణం పెరగలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఏ-టూ అంకె సరిగ్గా ఉంది. అంకె మామూలుగా ఉండి కణం మామూలుగా లేకపోవడమేమిటి?

విభాగానికి పెద్దాయన ఒకరుండేవారు. అందరూ పెద్దసారు అనేవారు. మంచివాడే, కాకపోతే అనుభవం ఎక్కువై ఆశ్చర్యపోవడం మానేసిన మనిషి. అత్త చెప్పిందంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇలాంటి కేసులు ప్రతి ల్యాబులోనూ ఉంటాయమ్మా. తండ్రి నార్మలంటే అసలు తండ్రి వేరే అన్నమాట. అంతకంటే తేలికైన జవాబు లేదు. ఇంకొకళ్ల సంసారంలో వేలుపెట్టకు. ఫైలు మూసెయ్."

"తేలికైన జవాబే సార్. నిజమైందో కాదో ఎవరూ చూడలేదు."

"పోనీ, తండ్రి ఎవరో తేల్చే పరీక్ష చేయించు. ఒక్క దెబ్బతో తేలిపోతుంది."

"ఆ పరీక్ష అడిగితేనే ఆవిణ్ణి బోనెక్కించినట్టు సార్. తర్వాత ఏం తేలినా ఆ మచ్చ పోదు. ముందు నా పరీక్షని బోనెక్కిస్తా. దాని తప్పేం లేదని తేలితే అప్పుడు ఆవిడ సంగతి చూద్దాం."

పెద్దసారు నవ్వారు. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు."

"లెక్కపెట్టే చెప్తాను సార్, మూడో నాలుగో."

లెక్కపెట్టడం అంత సులువు కాలేదు. ఆ ఎండాకాలం డీప్ ఫ్రీజరు మొరాయించింది. సెలవులు అయిపోయి తలుపు తెరిచేసరికి లోపల దాచినవన్నీ వెచ్చబడి పాడైపోయాయి. పాప తండ్రి రక్తమూ అందులోనే పోయింది. ఫ్రీజరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, గొట్టాల ముందు దిగాలుగా కూర్చున్న అత్తను చూసి, "ఇవి మీవాళ్లవా అండీ?" అని అడిగాడట, ఎవరో పోయారేమో అన్నంత మెల్లగా. అత్తకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ మెకానిక్కే తర్వాత మా మామయ్య. డాక్టరేటు చేస్తున్న పిల్ల మెకానిక్‌ను చేసుకోవడమేమిటని చుట్టాలు మూతి విరిచారు. "ల్యాబులో అందరూ ఏం పోయిందని అడిగారు. ఎవరు పోయారని అడిగింది ఈయనొక్కడే," అంది అత్త. దాంతో ఆ చర్చ ముగిసింది.

సరే, రక్తం మళ్లీ కావాలి. అత్త పాప తండ్రి ఇంటికి వెళ్లింది. ఇరుకు మెట్లెక్కితే రెండో అంతస్తులో రెండు గదులు. కిటికీ పక్కన కుట్టుమిషను ఉండిన చోట నేల మీద నాలుగు తుప్పు మచ్చలు. తండ్రి మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పాప నానమ్మ, ఆ పెద్దావిడ, గుమ్మంలోనే అడ్డుకుంది.

"మళ్లీ రక్తమెందుకమ్మా? మావాడికేం లేదని మీరే కదా చెప్పారు?"

"ఈయన కూడా క్యారియరేమో అని నా అనుమానం అండీ."

"క్యారియరా? రోజూ సినిమాహాలుకి పట్టుకెళ్తూనే ఉన్నాడు. అదిగో, కడిగి బోర్లించాను," అంటూ అన్నం డబ్బాల వైపు చూపించింది.

అత్త నవ్వాపుకుని నిదానంగా విడమరిచి చెప్పింది. పెద్దావిడ విని, "మీరేం చెప్పినా నిప్పులేందే పొగ రాదమ్మా," అంది.

"నిజమే. ఆ నిప్పు ఏ పొయ్యిలో ఉందో చూద్దామనే వచ్చాను."

అప్పటిదాకా మాట్లాడని తండ్రి చొక్కా చేయి పైకి మడిచాడు. "ఏం తేలినా చెప్తారా?"

"ఏం తేలినా చెప్తాను. మీకు నచ్చినా, నచ్చకపోయినా."

"తీసుకోండి," అని చేయి చాచాడు.

కొత్త రక్తంలోనూ అదే తీరు. కణాలు చిన్నవి, అంకె మామూలుది. అత్త తల పట్టుకుంది. పక్కన పెట్టి చూసుకోవడానికి మా ఇంటి వాళ్ల రక్తాలన్నీ, ఈసారి తాతయ్యదీ కలుపుకుని, మరోసారి పరీక్షించింది. అందులో తాతయ్య ఏ-టూ అంకె, ఉండాల్సిన దానిలో సగమే ఉంది. పొరపాటేమోనని మళ్లీ చేసింది. మళ్లీ సగమే. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ మాట చెబితే తాతయ్య కంగారుపడ్డాడు.

"నాకేమైనా జబ్బుందా అమ్మా?"

"ఏం లేదు నాన్నా. నీ రక్తంలో ఒక లెక్క తక్కువంతే. దాంతో నూరేళ్లు బతకొచ్చు."

"ఆయనకి ఒక లెక్క తక్కువని పెళ్లయినప్పట్నుంచీ చెప్తూనే ఉన్నా. ఒక్కరైనా విన్నారా?" అంది లోపలి గదిలోంచి మా నానమ్మ.

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగిపోయిందట. ఆ అంకెను పెంచే లోపం ఒకటుంది, అది క్యారియర్లది. తగ్గించే లోపం కూడా ఒకటుంది, అది తన తండ్రిది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే? ఒకటి పైకి లాగి, ఇంకొకటి కిందకి లాగి, అంకె సరిగ్గా మధ్యలో నిలబడదా? కంచంలో చెయ్యి అలాగే ఎండిపోతుంటే, మా నాన్న లేపి చేతులు కడుక్కోమన్నాడట.

ఊహ వేరు, రుజువు వేరు. రుజువు కావాలంటే పాప తండ్రి జన్యువును మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవాలి. అప్పట్లో ఆ విద్య మా ఆసుపత్రిలో ఎవరికీ రాదు. అత్త సెలవు పెట్టి మరో నగరంలోని ల్యాబుకు వెళ్లి నేర్చుకుని వచ్చింది. జన్యువు అక్షరాలు ఎక్స్‌రే ఫిల్ము మీద గీతలుగా పడాలి. తిరిగొచ్చి మొదలుపెడితే మొదటి ఫిల్ము తెల్లగా వచ్చింది. రెండోది నల్లగా వచ్చింది. ఆ తర్వాతవి ఇంకు ఒలికినట్టు అలుక్కుపోయాయి. "అందులో ఏం కనిపిస్తోందమ్మా?" అని పెద్దసారు అడిగితే, "ప్రస్తుతానికి నా మొహమే సార్," అనేది. ఉడుంపట్టు మనిషి. ఒకటికి పదిసార్లు చేసింది. చలికాలం వచ్చేసరికి ఫిల్ముల మీద సన్నటి బూడిదరంగు గీతలు నిచ్చెన మెట్లలా తేటగా పడసాగాయి. కిటికీకి ఎదురుగా ఫిల్ము పట్టుకుని, స్కేలు ఆనించి, గీత గీతా చదువుకుంటూ పోయింది.

ఒక చోట ఆగింది. ఉండాల్సిన అక్షరం లేదు, దాని స్థానంలో ఇంకొకటి ఉంది. క్యారియర్లలో ఉండే లోపమే అది. ఆ జన్యువు పక్కనే ఉండే మరో జన్యువును కూడా చదివింది. అక్కడా ఒక అక్షరం మారింది. తాతయ్యదీ చదివి చూస్తే, ఆయనలోనూ సరిగ్గా అదే మారింది. పాపలో చూసింది. తల్లి నుంచి వచ్చిన లోపం ఒకటి, ఈ తండ్రి నుంచి వచ్చిన లోపం ఒకటి. వెతికినదంతా ఒకే ఇంట్లో దొరికింది.

వెంటనే ఎవరికీ చెప్పలేదు. ఎవరి రక్తమో చెప్పకుండా గొట్టాల మీద గుర్తులు మాత్రం వేసి, తనకు విద్య నేర్పిన ల్యాబుకు పంపింది. వాళ్లకూ అవే అక్షరాలు వచ్చాయి. అప్పుడు వెళ్లి ఫిల్ములు పెద్దసారు బల్ల మీద పరిచింది. ఆయన చాలాసేపు చూశారు. కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ చూశారు. "కుందేలుకి నాలుగు కాళ్లే అమ్మా. తప్పు లెక్క నాదే," అన్నారు.

పాప తల్లినీ తండ్రినీ పెద్దావిడనూ ఒకేసారి పిలిపించారు. మొదట ఆ మాట వరండాలోనే పడింది కాబట్టి, జవాబు కూడా వరండాలోనే చెప్పాలని అత్త పట్టుబట్టింది. పిల్లల వార్డు తల్లులు కొందరు గుమ్మాల్లో నిలబడి విన్నారు.

"తప్పు మా పరీక్షది," అని మొదలుపెట్టింది అత్త. "ఈయన రక్తంలో రెండు లోపాలున్నాయి. ఒకటి అంకెని పెంచుతుంది, ఇంకొకటి తగ్గిస్తుంది. తక్కెడలో రెండు వైపులా సమంగా రాళ్లు వేస్తే ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. మేం ముల్లు చూసి తట్టలు ఖాళీ అనుకున్నాం. పాపకి సగం లోపం వాళ్లమ్మది, సగం ఈయనది. ఈ పాప ఈయన బిడ్డే. ఇందులో అనుమానానికి చోటు లేదు."

తండ్రి తల దించుకుని కాగితం తీసుకుని భార్య వైపు చాచాడు. ఆమె అందుకోలేదు.

"నాకెందుకండీ ఇది? నాకు ముందే తెలుసు. తెలియని వాళ్ల దగ్గర ఉంచండి," అంది.

అప్పుడు అతనికి ఏడుపు ఆగలేదు. ఆమె అతన్ని ఓదార్చలేదు, వెళ్లిపోనూలేదు. పాపను ఎత్తుకుని అలాగే నిలబడింది. పెద్దావిడే ముందుకొచ్చి, ఎంత గట్టిగా అప్పుడు అడిగిందో అంత గట్టిగానే, అందరికీ వినబడేలా, "నోరు జారాను తల్లీ. నీ ఇంటికి నువ్వు రా," అంది. ఆమె వెంటనే వెళ్లలేదు. మరో నెల పుట్టింట్లోనే ఉండి, మిషను మోసుకెళ్లడానికి భర్త స్వయంగా వస్తేనే వెళ్లింది. ఆ నెలంతా ఆమె నిలబడ్డ తీరు గురించి అత్త మా అందరికీ కథలు కథలుగా చెప్పేది, తాను కనిపెట్టిన దానికంటే ఎక్కువగా.

ఆ తర్వాత పాప తల్లి మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు ఇద్దరి లోపాలూ తెలుసు కాబట్టి, కడుపులో బిడ్డకు ఏది వచ్చిందో చూడటం సాధ్యమైంది. ఆ పరీక్షా అత్తే చేసింది. ఒక వైపు లోపమే వచ్చింది. బిడ్డ తండ్రిలాగే నిక్షేపంలా తిరుగుతాడు. ఆ కబురు విని పెద్దావిడ తన వైపు చుట్టాలందర్నీ, అక్కచెల్లెళ్లను, వాళ్ల పిల్లలను, పెళ్లీడు మనవళ్లను వరసగా ల్యాబుకు తోలుకొచ్చింది. "ఏం చూస్తారో చూడండమ్మా. ముల్లు ఒక్కటే చూడొద్దు, తట్టలు కూడా చూడండి," అని అత్తకే పాఠం చెప్పింది. ఆ చుట్టాల్లోనే ఇంకా కొందరు అలాంటి వాళ్లు దొరికారు. ఒక్క కుటుంబంలో వింత అనుకున్నది ఊళ్లో చాలామందిలో ఉందని అలా బయటపడింది.

అత్త రాసిన వ్యాసం పెద్ద పత్రికలో వచ్చింది. దాన్ని చదివి వినిపించిన సభలో పెద్దసారు లేచి, ఎవరూ అడగకుండానే, "ఈ ఫైలు మూసెయ్యమన్నది నేను. మూయనిది ఈమె," అన్నారు. వెనక వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న తాతయ్యకు చెప్పిన దాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. చప్పట్లు మాత్రం అందరికంటే ఆలస్యంగా ఆపాడు. "ఒక లెక్క తక్కువైన వ్యక్తి" అని వ్యాసంలో పేరు లేకుండా ఉన్నది తానేనని డిపోలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

అత్త ఆ తర్వాత ఇంకా చాలా చేసింది. ఎన్నో జన్యువులు చదివింది, చదవడం ఎందరికో నేర్పింది, విభాగానికి తానే పెద్ద అయింది. ఆ పాప నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ, ఒంట్లో పేరుకునే ఇనుమును తీసేసే మందులు వాడుకుంటూ పెరిగి పెద్దదైంది. ఇప్పుడు హైస్కూల్లో లెక్కల టీచరు. అందరు పిల్లలూ అలా దక్కలేదు. దక్కని వాళ్ల గురించి అత్త ఇంట్లో ఎప్పుడూ మాట్లాడదు. అలాంటి రోజు ఇంటికొచ్చి చేతులు మరీ ఎక్కువసేపు కడుక్కునేది. మామయ్య ఏమీ అడక్కుండా టీ పెట్టేవాడు.

మొన్నామధ్య నా పెళ్లి కుదిరినప్పుడు మేమిద్దరం వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నాం. మేముండేది వేరే ఊరు. బజారులో మెడికల్ షాపు పై అంతస్తులో చిన్న ల్యాబు. నాకంటే చిన్నదైన ఒక టెక్నీషియన్ మాకు చెప్పింది. "ఏ-టూ అంకె నార్మల్ వచ్చినా, కణాలు చిన్నగా ఉంటే మేం అక్కడితో వదలమండీ. జన్యువు చూడమని పంపుతాం. కొంతమందిలో రెండు లోపాలు కలిసి అంకెని దాచేస్తాయి."

"ఈ పద్ధతి ఎవరు పెట్టారు?" అని అడిగాను.

"ఎవరు పెట్టారో తెలీదండీ. మేం చదువుకునేటప్పటికే పుస్తకంలో ఉంది. అన్ని చోట్లా ఇదే చేస్తారు."

"మా అత్త," అన్నాను. నాకు తెలియకుండానే గొంతు పెద్దదైపోయింది. వేచి ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. ఆ అమ్మాయి నన్నూ, నాకు కాబోయే ఆయన్నీ చూసి, నమ్మాలో వద్దో తెలియక, "అవునా అండీ, చెయ్యి వదులుగా పెట్టండి," అంది.

మెట్లు దిగగానే అత్తకు ఫోను చేసి జరిగింది చెప్పాను. నీ పేరు ఎవరికీ తెలియదే అని ఉక్రోషపడ్డాను.

"పేరు లేకుండానే చేస్తున్నారా? అన్ని చోట్లా?" అని రెట్టించి అడిగింది. అవునన్నాను. ఆమె గొంతులో నేనెప్పుడూ వినని సంతోషం వినిపించింది.

"అయితే గట్టిగా వేళ్లూనిందే అది," అంది మా అత్త.